సంతలోనా, కొట్లోనా, సరిహద్దు అవతలా: ఎక్కడ బేరమాడాలి, ఎక్కడ మానుకోవాలి

రాయగడ, గునుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు ఊళ్ళలో కాపురముంటున్న తెలుగు కుటుంబానికి నిత్యావసరాలు కొనుక్కోవడానికి దారులు చాలానే ఉన్నాయి. వారానికొకసారి కూడే సంత ఉంది, రోజూ తెరిచే కూరగాయల బజారు ఉంది, నెల పద్దు రాసుకునే కిరాణా కొట్టు ఉంది, ధర చీటీ అంటించి అమ్మే పెద్ద దుకాణం ఉంది, బస్సో రైలో ఎక్కితే పార్వతీపురం, పాతపట్నం, ఇచ్ఛాపురం ఉన్నాయి. వీటన్నిటిలోనూ ఒకే తీరున బేరమాడేవారు ఆడకూడని చోట గంటసేపు వాదించి, ఆడవలసిన చోట మొహమాటపడి అడిగినంతా ఇచ్చి వస్తుంటారు. నా అభిప్రాయంలో బేరంలో పెద్ద భాగం నోరు తెరవక ముందే, ఏ వస్తువును ఎవరి దగ్గర ఏ వేళకు కొనాలో నిర్ణయించుకున్నప్పుడే తేలిపోతుంది. ఎదురుగా నిలబడి అడిగి తగ్గించుకునేది ఆ తరువాత మిగిలిన కొద్దిపాటి మాత్రమే.

ఏ కొనుగోలుకైనా ముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం మంచిది. ఈ వస్తువుకు ధర పెట్టినది ఎదురుగా కూర్చున్న మనిషేనా, లేక ఎక్కడో ఉన్న మరొకరా అన్నది మొదటిది. ఈ పూట అమ్ముడుపోకపోతే సరుకు పాడవుతుందా, లేక రేపటికి అలాగే నిలుస్తుందా అన్నది రెండవది. ఉదాహరణకు ఒడిశా బజార్లకు బంగాళాదుంపలు ఎక్కువగా పశ్చిమ బెంగాల్ నుంచి, ఉల్లిపాయలు ఎక్కువగా మహారాష్ట్రలోని నాసిక్ ప్రాంతం నుంచి వస్తాయి. 2024లో బెంగాల్ ప్రభుత్వం దుంపల లారీలను రాష్ట్రం దాటనివ్వకుండా ఆపినప్పుడు ఇక్కడి చిల్లర వర్తకులు చేయగలిగినది ఏమీ లేకపోయింది, ఎందుకంటే తమకు పడిన ధర మీద కిలోకు కొద్దిపాటి లాభం వేసుకుని అమ్మడమే వారి పని. అటువంటి సరుకు మీద ఎంత గట్టిగా పట్టుబట్టినా తగ్గేది రూపాయో, రెండు రూపాయలో. అదే కొట్లో పక్క గంపలో ఉన్న వంకాయలు, బీరకాయలు, తోటకూర చుట్టుపక్కల పల్లెల్లో పండినవి, సాయంత్రానికి వాడిపోయేవి. వాటి ధర ఆ గంపల మధ్యనే పుట్టి మధ్యాహ్నానికి మారిపోతుంది. బేరానికి చోటున్నది అక్కడ. విచిత్రమేమిటంటే మనలో చాలామంది ఉల్లిపాయల దగ్గర యుద్ధం చేసి, ఆకుకూరల దగ్గర అడిగినంతా ఇచ్చేస్తారు.

సంతా, రోజువారీ బజారా

రాయగడ జిల్లాలో బుధవారం కూడే చాటికొన సంత, కొరాపుట్ జిల్లాలో శుక్రవారం కూడే కుందులి సంత పేరుమోసినవి. వీటికి తోడు చిన్న సంతలు ఊరూరా ఏదో ఒక వారాన జరుగుతూనే ఉంటాయి. చాటికొనకు నియమగిరి కొండల మీది డొంగ్రియా కొంధులు అనాసపండ్లు, అరటి, అల్లం, పసుపు వంటివి కాలాన్ని బట్టి దింపుతారు. కుందులి సంత స్వభావం వేరు. అక్కడికి విశాఖ వైపు నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వర్తకులు బండ్లతో వచ్చి కూరగాయలను టోకున ఎత్తుకుపోతారు కనుక, పొద్దుటి పూట అక్కడ రెండు కిలోలు అడిగేవారి మాటకు విలువ ఉండదు. వర్తకుల కొనుగోలు ముగిసి, ఎత్తగా మిగిలిన సరుకు నేల మీద ఉన్న వేళకు వెళ్ళినవారికే చిల్లర బేరం కుదురుతుంది.

సంతలో అన్నీ చౌక అన్నమాట వినడానికి బాగుంటుంది గాని, దారి ఖర్చు కలిపి లెక్క వేసుకున్న తరువాతే నమ్మాలి. వారానికి ఎనిమిది కిలోల కూరగాయలు వాడే ఇంటికి సంతలో కిలోకు పది రూపాయల చొప్పున కలిసివస్తుందని అనుకుందాం. అంటే ఎనభై రూపాయలు. రానుపోను ఆటోకు అరవై అయితే మిగిలేది ఇరవై. తెచ్చిన దానిలో రెండు కట్టల ఆకుకూర, అరకిలో టమాటాలు నాలుగవ రోజుకు కుళ్ళితే ఆ ఇరవై కూడా మిగలదు. కాబట్టి నడిచి వెళ్ళగలిగిన దూరంలో సంత ఉన్నవారు ప్రతి వారం వెళ్ళవచ్చు. దూరం ఉన్నవారు మాత్రం పసుపు, అల్లం, చింతపండు, ఎండుమిర్చి, గుమ్మడి, కంద వంటి నిలవ ఉండే సరుకులకోసం నెలకొకసారి, వీలైతే ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువారు కలిసి ఒకే ఆటోలో వెళ్ళి, ఆకుకూరలు, టమాటాలు వంటివి ఇంటి దగ్గరి బజారులోనే కొనుక్కోవడం మేలు.

సంతకు వెళ్ళిన తరువాత తేల్చుకోవలసిన మరొక విషయం ఉంది. అక్కడ అమ్మేవారందరూ ఒకటి కాదు. నాలుగైదు రకాల కూరలతో పాటు ఉల్లి, దుంప కూడా పేర్చుకుని, ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకుని, పైన టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నవారు వర్తకులు. ఈ రోజు ఈ సంతలో, రేపు మరొక సంతలో అమ్ముకుంటారు. వారితో ధైర్యంగా బేరమాడవచ్చు, పక్క దుకాణం ధర చెప్పి అడగవచ్చు, కాదంటే ముందుకు నడిచిపోవచ్చు. ఒకటి రెండు రకాలే, అవి కూడా చిన్నా పెద్దా కలగలిసి మట్టి వదలకుండా ఉన్న కాయలను బుట్టలోనో గుడ్డ మీదో పోసుకుని కూర్చున్నవారు సాధారణంగా తాము పండించినదో, అడవిలో ఏరినదో తెచ్చినవారు. వీరికి చీకటి పడకముందే కొండ ఎక్కాలి, తిరిగి మోసుకుపోవడం కంటే వచ్చినంతకు ఇచ్చేయడం మేలనిపిస్తుంది. మధ్యాహ్నం మూడు గంటలు దాటాక వారి దగ్గర ధర సగానికి పడిపోవడానికి కారణం అదే. ఆ వేళకు వెళ్ళి వారు తామంతట చెప్పిన తగ్గు ధరకు కొనుక్కోవడం తప్పు కాదు. దాని మీద ఇంకా సగానికి అడగడం మాత్రం నాకు సమ్మతం కాదు.

చింతపండు సంగతి చూస్తే ఈ మాట ఎందుకన్నానో తెలుస్తుంది. 2020లో కేంద్ర ప్రభుత్వం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కనీస మద్దతు ధరలను సవరించినప్పుడు గింజతో ఉన్న చింతపండుకు కిలో 36 రూపాయలుగా నిర్ణయించింది. ఆ మద్దతు ధర దక్కేది కొనుగోలు కేంద్రం తెరిచి ఉన్నప్పుడు, తెరిచిన చోట మాత్రమే. మిగిలిన రోజుల్లో సంత మొగలోనే దళారి ఎదురై గంపలు దింపించుకుంటాడు. అదే చింతపండు గింజ తీసి, శుభ్రం చేసి, పొట్లం కట్టాక పట్నంలో ఏ ధరకు వస్తుందో కొనేవారందరికీ తెలుసు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ గంప మోసేవారికి అక్షరాలా వర్తిస్తుంది. వేసవి మొదట్లో కొత్త చింతపండు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా నేరుగా వారి దగ్గర అడిగిన ధరకు కొన్నా, కిరాణా కొట్టులో బేరమాడి కొన్నదానికంటే చౌకగానే పడుతుంది. దళారి వాటా తప్పిపోవడమే అక్కడ మనకు కలిసివచ్చే లాభం.

రోజువారీ బజారు విషయానికి వస్తే, వేళను ఎంచుకోవడమే పెద్ద ఉపాయం. పొద్దున్నే వెళితే సరుకు తాజాగా ఉంటుంది, ధర గట్టిగా ఉంటుంది; రాత్రి దుకాణాలు కట్టే వేళకు ధర దిగుతుంది, ఏరుకోవడానికి మాత్రం నలిగినవే మిగులుతాయి. ఆ పూటకే వండుకునేవాటిని రాత్రికి, రెండు రోజులు ఉంచుకునేవాటిని పొద్దునకు కేటాయించుకుంటే రెండు విధాలా కలిసివస్తుంది. బోణీ వేళకు వెళ్ళినవారికి ఒక సౌకర్యం ఉంది. మొదటి గిరాకీని వెనక్కి పంపడానికి ఏ అమ్మకందారుకూ మనసొప్పదు కనుక రెండు రూపాయలు తక్కువకైనా ఇస్తారు. అయితే కొనే ఉద్దేశం లేకుండా ఆ వేళప్పుడు ధర అడిగి, గంప కెలికి పోవడం బజారు మర్యాద కాదు, మరుసటి రోజు ఆ మనిషి మన ముఖం చూసి పలకడు కూడా. కాలాన్ని బట్టి కూడా బేరం మారుతుంది. చలికాలంలో టమాటా గుట్టలుగా వచ్చి పడినప్పుడు మూడు కిలోలు కొంటూ ధర తగ్గించమని అడగవచ్చు. 2023 జులైలో దేశమంతటా కిలో వంద రూపాయలు దాటినప్పటి వంటి రోజుల్లో అడగడం వృథా, ఆ నెల చింతపండుతో సరిపెట్టుకోవడమే తెలివి.

ధర తగ్గించుకోవడమా, కొసరు అడగడమా

బేరంలో అడగదగినవి మూడున్నాయి: ధర, కొసరు, ఏరుకునే స్వేచ్ఛ. మొదటిది అందరూ అడుగుతారు, తక్కినవి రెండూ చాలాసార్లు అంతకంటే విలువైనవి. అమ్మేవారికి ఐదు రూపాయలు తగ్గించడం చేతిలోని డబ్బు వదులుకోవడమే. గుప్పెడు పచ్చిమిర్చి, కరివేపాకు రెబ్బ, రెండు వంకాయలు ఎక్కువ వేయడం అంత కష్టంగా తోచదు, పైగా అవి సాయంత్రానికి ఎలాగూ వాడేవే. కొనేవారికి మాత్రం ఆ మిర్చి, కరివేపాకు విడిగా కొంటే అదే ఐదు రూపాయలు ఖర్చవుతుంది. కాబట్టి ఆకుకూరలు, కూరగాయల దగ్గర ధర ఒప్పుకుని కొసరు అడగడం ఇద్దరికీ అనుకూలం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అనిపించుకోకుండా ఉంటే చాలు. ఇక ఏరుకునే స్వేచ్ఛ టమాటాలకు, బెండకాయలకు, మామిడిపళ్ళకు ముఖ్యం. కిలో నలభై అని చెప్పి ఏరుకోనిచ్చేవారి దగ్గర, ముప్పై ఐదుకు ఇచ్చి తామే వేసేవారి దగ్గర రెండింటిలో ఎంచుకోవలసివస్తే నేను మొదటిదే ఎంచుకుంటాను, ఎందుకంటే తామే వేసేవారి సంచిలో మెత్తబడినవి తప్పకుండా కొన్ని ఉంటాయి.

తూకం విషయంలో జాగ్రత్త లేని బేరం అసలు బేరమే కాదు. కిలో అరవై రూపాయలకు చెప్పినదాన్ని యాభై ఐదుకు ఒప్పించి సంతోషపడతాం. తూకంలో వంద గ్రాములు తగ్గితే మనకు నిజంగా పడిన ధర కిలో అరవై ఒక్క రూపాయల పైమాటే. అడిగిన ధర ఇచ్చి సరైన తూకం తీసుకున్నవారు మనకంటే చౌకగా కొన్నట్లు లెక్క. మరీ తగ్గించి అడిగితే కొందరు మారుమాట్లాడకుండా ఒప్పుకునేది ఇందుకే. తూకపు రాళ్ళకు, కాటాలకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఆ ముద్రను నిర్ణీత గడువులో మళ్ళీ వేయించుకోవాలి. రాయి ముక్కతోనో, పాత ఇనుప బోల్టుతోనో తూచేవారి దగ్గర ధర ఎంత చౌకైనా వదిలేయడం మంచిది. ఎలక్ట్రానిక్ కాటా మీద అనుమానం వస్తే, సంచిలో ఉన్న విప్పని కిలో ఉప్పు పొట్లాన్ని మాట వరసకు దాని మీద పెట్టి చూడవచ్చు. కవరు బరువు కలిపి కిలోకు కొద్దిగా ఎక్కువ చూపాలి, తక్కువ చూపితే కాటాలో లోపం ఉన్నట్లే. కొండ ప్రాంతపు సంతల్లో ఇప్పటికీ కొన్ని సరుకులు మాణం, అడ్డ అనే కొలపాత్రలతో కొలిచి, లేదా కుప్పలుగా పోసి అమ్ముతారు. అక్కడ కిలో ధరతో పోల్చి వాదించే బదులు, ఒకసారి కొన్న కుప్పను ఇంటికి తెచ్చి తూచుకుంటే తరువాతి వారం ఏ కుప్ప ఎంతకు తగునో మనకే తెలుస్తుంది.

చేపలు, మాంసం

ఒడిశా లోపలి ఊళ్ళకు చేపలు చాలావరకు ఆంధ్ర చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో వస్తాయి. అందువల్ల పొద్దున ధరలో పెద్ద తేడా రాదు. ఐసు కరిగే కొద్దీ, అంటే మధ్యాహ్నం తరువాత, ధర జారుతుంది, దానితో పాటు సరుకు కూడా. చేప దగ్గర చివరి వేళ చౌకను నేను ఎవరికీ సలహా ఇవ్వను. బేరమాడవలసినది తూకం ఎప్పుడు వేస్తారన్నదాని మీద: పొలుసు, పేగు తీయక ముందు వేస్తారా, తీశాక వేస్తారా, కోసినందుకు కూలి విడిగా అడుగుతారా అన్నవి ముందే మాట్లాడుకోవాలి. ధర చెప్పుకున్నాక, చేప ముక్కలయ్యాక మాట్లాడితే చెల్లదు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉన్నవారికి సముద్రపు చేప వేరే లెక్క. అక్కడ పడవలు వచ్చిన వేళ తెలిసినవారికి అవకాశం ఎక్కువ.

కోడి, చేపల ధరలు బేరం కంటే పంచాంగానికి ఎక్కువ లొంగుతాయి. ఒడియా ఇళ్ళలో చాలామంది కార్తిక మాసమంతా నీచు ముట్టరు, పున్నమితో ముగిసే చివరి ఐదు రోజులు, అంటే పంచుకలో, మానేవారు ఇంకా ఎక్కువ. గిరాకీ తగ్గడంతో ఆ రోజుల్లో ధరలు మెత్తబడతాయి. పున్నమి మరుసటి రోజు ఛాడఖాయి, అంటే నీచు తిరిగి మొదలుపెట్టే రోజు. ఆ ఉదయం మాంసం దుకాణాల ముందు వరుసలు, ఆకాశాన్నంటే ధరలు. ఇక్కడ తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. మన కార్తికం దీపావళి అమావాస్య తరువాత మొదలై మరుసటి అమావాస్య దాకా నడుస్తుంది, వారిది పున్నమికే ముగుస్తుంది. కార్తికం పాటించే తెలుగు ఇల్లు ఛాడఖాయి రద్దీతో సంబంధం లేకుండా ఉంటుంది. పాటించని ఇల్లు దీపావళికి ముందే, ఒడియా కార్తికం మొదలైనప్పటి నుంచే తక్కువ ధరకు కొనుక్కోవచ్చు, ఛాడఖాయి నాడు మాత్రం పప్పుతో గడిపేయడం తెలివి.

కిరాణా కొట్టు

పొట్లం మీద అచ్చు వేసిన గరిష్ఠ చిల్లర ధర అన్ని పన్నులతో కలిపినది. 2011 నాటి ప్యాకేజ్డ్ సరుకుల నియమాల ప్రకారం అంతకంటే ఎక్కువ తీసుకోవడం నేరం, తక్కువకు అమ్మడానికి ఏ అడ్డూ లేదు. అంటే ఆ ధర పైకప్పు, నేల కాదు. సీసా చల్లబరచినందుకు రెండు రూపాయలు ఎక్కువ అడిగేవారితో బేరమాడనవసరం లేదు, ఇవ్వకపోవడమే సరి. గట్టిగా పట్టుబడితే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. అయితే సబ్బు, బిస్కట్టు, టూత్‌పేస్టు వంటి వాటి మీద కొట్టువారికి మిగిలేది తక్కువ, వాటి మీద విడివిడిగా అడగడం వల్ల ప్రయోజనం ఉండదు. నెల సరుకు జాబితా అంతా ఒకేచోట ఇచ్చి, మొత్తం మీద ఎంత తగ్గిస్తారని అడగడమే ఫలించే పద్ధతి. పప్పులు, బియ్యం, నూనె, ధనియాలు, జీలకర్ర వంటి విడి సరుకుల్లో కొట్టువారికి వెసులుబాటు ఉంటుంది కనుక తగ్గింపు అక్కడి నుంచే వస్తుంది. 2021లో సవరించిన నియమాల వలన పొట్లాల మీద గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో కూడా అచ్చు వేస్తున్నారు. పెద్ద పొట్లం తప్పకుండా చౌక అనుకునేవారు ఒకసారి ఆ అంకెలు పోల్చి చూస్తే కొన్ని వస్తువుల్లో లెక్క తారుమారుగా కనిపిస్తుంది.

అరువు ఖాతా ఉన్నవారు బేరం విషయంలో ఒక మెట్టు కిందే ఉంటారు. నెలాఖరున చెల్లించే సౌకర్యానికి వడ్డీ ఎక్కడా రాయరు గాని, అది కందిపప్పు ధరలో రెండు రూపాయలుగానో, ఎంపికలో పాత సరుకుగానో చేరుతుంది. చేతిలో నగదు ఉన్న నెలలో అదే కొట్టులో నగదు ధర ఎంతో అడిగి పోల్చుకోవడం వలన అరువు మనకు ఎంత ఖర్చవుతున్నదో తెలుస్తుంది. దానికి సిద్ధపడి అరువు కొనసాగించడంలో తప్పు లేదు. జీతం ఆలస్యమైన నెలలో, ఇంట్లో జబ్బు పడిన నెలలో పెద్ద దుకాణం మనకు పప్పు అప్పు ఇవ్వదు, వీధి చివరి కొట్టు ఇస్తుంది. ఆ అండను కోరుకునేవారు మంచి నెలల్లో కూడా ఆ కొట్టునే నమ్ముకుని ఉండాలి, తక్కువ ధర ఉన్న ప్రతి చోటికీ పరుగెత్తకూడదు.

బియ్యం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2022 జులై 18 నుంచి ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన, 25 కిలోలకు మించని బియ్యం, పప్పులు, పిండి సంచుల మీద ఐదు శాతం జీఎస్టీ పడింది. దానితో చాలామంది మిల్లర్లు 26 కిలోల సంచులు దింపారు. కాబట్టి రెండు దుకాణాల్లో సంచి ధర పోల్చేటప్పుడు సంచిలో ఎన్ని కిలోలున్నాయో చూడకుండా పోల్చడం తప్పుదారి పట్టిస్తుంది. మరొక చిక్కు పాత, కొత్త బియ్యానిది. ఇక్కడి ఒడియా ఇళ్ళలో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. తెలుగువారికి పొడిపొడిగా ఉడికే సన్నని పచ్చి బియ్యం కావాలి, అది ఎక్కువగా ఆంధ్ర మిల్లుల నుంచే వస్తుంది. పాత బియ్యమని చెప్పి పాత బియ్యపు ధరకు కొత్త బియ్యం అంటగట్టడం ఉంది. సంచి మీద యాభై రూపాయలు తగ్గించుకోవడం కంటే, ముందు ఒక కిలో తీసుకెళ్ళి వండి చూసి, అన్నం ముద్దయితే సంచి వెనక్కి తీసుకుంటారన్న మాట పుచ్చుకోవడం ఎక్కువ విలువైన బేరం.

సరిహద్దు దాటి కొనడం

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఒడిశాలో చేరింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపు నిలిచిపోయింది. అప్పటి నుంచి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు బజారు చేస్తూనే ఉన్నారు. రాష్ట్రానికొక అమ్మకపు పన్ను ఉన్న కాలంలో అవతల కొంటే కలిసివచ్చే వస్తువులు కొన్ని ఉండేవి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఒక వస్తువు మీద పన్ను రెండు వైపులా ఒకటే అయింది. ఇప్పుడు మిగిలిన తేడాలు పన్నువి కావు, దుకాణాల మధ్య పోటీవి, రవాణావి. తెలుగు ఇంటి పచ్చళ్ళకు కావలసిన గుంటూరు మిరపకాయలు, ఆవపిండి, మనకు అలవాటైన బియ్యం రకాలు, పెళ్ళి బట్టలు అవతల ఎక్కువ రకాల్లో దొరుకుతాయి, పోటీ ఉన్నచోట బేరం కూడా కుదురుతుంది. నెలవారీ సబ్బులు, నూనె పొట్లాల కోసం పార్వతీపురం వెళ్ళిరావడం మాత్రం బస్సు చార్జీకి కూడా గిట్టదు. బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు కొనుక్కునే జాబితా ఒకటి రాసి ఉంచుకోవడమే మధ్యేమార్గం. పెట్రోలు దీనికి మినహాయింపు: అది జీఎస్టీ కిందకు రాదు, ఒడిశాలో ఆంధ్రప్రదేశ్‌లో కంటే తక్కువ ధరకు దొరుకుతూ వస్తోంది, అందుకే అటునుంచి వచ్చేవారు ఇటు నింపుకుని వెళతారు. బేరంతో పని లేకుండా కలిసివచ్చే సొమ్ము అది.

ధర కదలని చోట్లు

కొన్నిచోట్ల బేరమే ఉండదు, అవి కొన్నిసార్లు మేలైన ఎంపిక. ఒడిశా గిరిజన అభివృద్ధి సహకార సంస్థ అమ్మకపు కేంద్రాల్లో, ఆంధ్ర వైపు 1956లో మొదలైన గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తేనె, చింతపండు వంటి అటవీ సరుకులు స్థిర ధరకు దొరుకుతాయి. తేనె విషయంలో నేను ఆ స్థిర ధరనే ఎంచుకుంటాను. రోడ్డు పక్కన సీసా ఎత్తి చూపేవారు మూడు వందలు చెప్పి నూట యాభైకి దిగివచ్చారంటే, మన బేరం గొప్పదనుకోవడం కంటే సీసాలో బెల్లం పాకం ఎంత ఉన్నదో ఆలోచించడం మంచిది.

మందుల షాపులో కూడా బేరానికి హద్దు ఉంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ప్రభుత్వ అత్యవసర మందుల జాబితాలో ఉన్న మందుల గరిష్ఠ ధరను, చిల్లర దుకాణానికి పడే సగటు ధర మీద పదహారు శాతం లాభం కలిపి నిర్ణయిస్తారు. ఆ లోపలే వారి అద్దె, జీతాలు ఉన్నాయి. నెలనెలా వాడే బీపీ, షుగరు మందులకు పది శాతం తగ్గింపు అడగవచ్చు, చాలామంది ఇస్తారు కూడా. అయితే అంతకంటే పెద్ద తేడా ప్రభుత్వ పథకం కింద నడిచే జన్ ఔషధి కేంద్రాలలో ఉంది. అదే మందు పేరు మార్పుతో చాలా తక్కువ ధరకు వస్తుంది కనుక, షాపులో వాదించే బదులు డాక్టరును అడిగి చీటీ మీద మందు అసలు పేరు రాయించుకోవడం మేలు.

బట్టలకు క్లుప్తంగా చెబుతాను. ఒకే ధర అని బోర్డు పెట్టిన దుకాణంలో అడగనవసరం లేదు. బోర్డు లేని చోట చెప్పిన ధర బేరానికి చోటు వదిలి చెప్పినదే. బరంపురం పట్టు చీర కొనేవారు మూడు దుకాణాల్లో చూసి, అసలు పట్టు అని తెలిపే సిల్క్ మార్కు చీటీ ఉన్నదానితోనే పోల్చాలి, లేకపోతే పోలికకు అర్థం ఉండదు. చేనేత సహకార దుకాణాలు పండుగల వేళ ఇచ్చే రిబేటు రోజులకు ఆగగలిగితే బయట బేరమాడి తగ్గించుకునేంత అక్కడ ఊరికే తగ్గుతుంది. స్టీలు, ఇత్తడి సామాను కిలో లెక్కన కొనేటప్పుడు పాత సామాను మార్పిడికి వేసే ధరను, కొత్త సామాను ధరను వేర్వేరుగా అడగాలి. రెండూ కలిపి ఒకే అంకె చెబితే దేనిలో ఎంత పోయిందో తెలియదు.

ఏ భాషలో, ఎవరితో, ఎలా

ఈ ఊళ్ళలో అమ్మేవారు ఒడియావారు కావచ్చు, తెలుగువారు కావచ్చు, కొండల నుంచి వచ్చి ఇంట్లో కొంధుల భాష కువి మాట్లాడుతూ బజారులో దేశియా అనే స్థానిక ఒడియా యాసతో నెట్టుకొచ్చేవారు కావచ్చు. కేతే అని ధర అడగడం వచ్చినంత మాత్రాన సరిపోదు, అంకెలు కూడా ఒడియాలో తడుముకోకుండా అర్థమైతేనే మాట నిలుస్తుంది. పెద్దావిడను మావుసీ అని, మనకంటే కొంచెం పెద్దదాన్ని అపా అని, మగవారిని భాయి అని పిలిచి, తెలుగువారి దగ్గర అక్కా, బాబూ అనుకుంటూ మాట్లాడితే వాదన లేకుండానే పని జరుగుతుంది. గిరిజన స్త్రీలను ఏకవచనంతో, చులకనగా పిలుస్తూ ధర అడగడం మన బజార్లలో కనబడే ఒక చెడ్డ అలవాటు. దానివల్ల ధర తగ్గదు, తూకం తగ్గుతుంది. ఇద్దరు తెలుగువారు అమ్మేవారి ముందే తెలుగులో ధర గుసగుసలాడుకోవడం కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఎదుటివారిలో చాలామందికి తెలుగు వస్తుంది.

అడిగే మొదటి అంకె విషయంలో నా సలహా ఇది. వర్తకుల దగ్గర పక్క రెండు దుకాణాల ధర విన్నాక, తక్కువ చెప్పినదానికంటే కొద్దిగా కింద అడగాలి. సగానికి సగం అడగడం ఊరికి కొత్తవారు చేసే పని, దానికి జవాబు నవ్వే. ఒకసారి అంకె చెప్పాక, అమ్మేవారు ఒప్పుకున్నాక కొనకుండా వెళ్ళడం ఎక్కడా మర్యాద కాదు. చిల్లర సిద్ధంగా పెట్టుకోవాలి. నలభై ఏడుకు నలభై ఐదు ఇస్తానని చేతిలో సరిగ్గా నలభై ఐదు పెట్టినవారికి ఒప్పుకోవడం సులువు, ఐదు వందల నోటు చూపిస్తూ రెండు రూపాయలు తగ్గించమనేవారికి కాదు. ఫోనుతో చెల్లించేచోట ఈ సర్దుబాటు వీలు పడదు గాని, పైసలతో సహా సరిగ్గా చెల్లించే వీలు ఉండడంతో చిల్లర లేదంటూ పైకి లెక్కగట్టే అవకాశం అమ్మేవారికి కూడా ఉండదు.

ఇంటి ముందుకు తలమీద గంపతోనో, సైకిలు మీదనో వచ్చి అమ్మేవారి ధర బజారు కంటే రెండు మూడు రూపాయలు ఎక్కువే ఉంటుంది. బజారుకు వెళ్ళగలిగినవారికి అది ఎక్కువ. మోకాళ్ళ నొప్పులతో ఇంట్లో ఉన్న పెద్దవారికి, చంటిబిడ్డ తల్లికి ఆటో చార్జీతో పోలిస్తే అది తక్కువ. అటువంటివారు ధర మీద వాదించకుండా, ఏ రోజు వస్తారు, మునగాకు లేదా పాలకూర తెస్తారా, నిన్నటివి కాకుండా తాజావి ఇస్తారా అన్నవి మాట్లాడుకుని, వారానికి ఇన్ని కట్టలు తప్పకుండా తీసుకుంటామని ముందే చెబితే, రోజూ ఏదో ఒక కొసరు అడగకుండానే పడుతుంది.